బెండు మునిగేదాకా

మార్చి 2, ఆదివారం

సాయంత్రం 6:00. నిర్ణయం తీసుకున్నాను! రేపటినుంచి ముప్పై రోజులు, రోజూ పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా గాలం వేసి చేపలు పడతాను. ఈ ముప్పై రోజుల్లో ఎవరి మీదా అరవను.

కారణం కూడా రాసిపెట్టుకోవాలి. లేకపోతే వారం తిరిగేసరికి నేనే మరిచిపోతాను. నేను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారిని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మొన్న శుక్రవారం నా దగ్గర నేర్చుకుంటున్న లెక్చరరు గారు నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆపి, తలుపు తీసి, దిగి, వెనకాలే వస్తున్న బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయారు. కారు రోడ్డు మధ్యలో. నేను పక్క సీట్లో. నేనన్నదల్లా "గేరు!" అని. కాస్త గట్టిగా అన్నాను. పదకొండు సార్లు అన్నాను.

నిన్న ఓనరు పిలిచాడు. "మాస్టారూ, మీకు పని రాదని ఎవరూ అనట్లేదు. మీ పక్కన కూర్చోలేమంటున్నారు. ఒక్క నెల చూస్తాను. ఇంకో కంప్లయింటు వచ్చిందంటే కారు తాళాలిచ్చేసి కౌంటర్లో ఫారాలు నింపుకుందురుగాని."

మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడి బీపీ మిషను తెచ్చి నా చేతికి కట్టింది. 158 మీద 102. ఆవిడ మిషను వైపు చూసింది, నా వైపు చూసింది, లేచి వెళ్లి ఉప్పు డబ్బా పై అరలో పెట్టింది.

"రోజుకో గంట ఎక్కడైనా నోరు మూసుకుని కూర్చోండి" అంది తర్వాత. డాక్టరు కూడా ఇదే అన్నాడు. కాకపోతే ఇంగ్లీషులో అన్నాడు.

గాలమే ఎందుకంటే: జిమ్ములో పాటలు గట్టిగా పెడతారు, వాటిని మించి అరవాలనిపిస్తుంది. ధ్యానం క్లాసుకి ఒకసారి వెళ్లాను, పక్కాయన గురక పెడుతుంటే లేపి మరీ తిట్టాను. చేపలతో ఆ బాధ లేదు. అవి ఎదురు మాట్లాడవు, కంప్లయింటు ఇవ్వవు!

కొన్న సామాను: గాలపు కర్ర (మడిస్తే గొడుగంత, విప్పితే మా హాలంత). తంగూసు దారం ఒక చుట్ట. గాలపు ముళ్లు పది సైజులు. సీసం గుళ్లు. నీళ్ల మీద తేలడానికి ఎర్రరంగు బెండ్లు నాలుగు. కొత్తవాళ్ల కోసం రాసిన చిన్న పుస్తకం. టోపీ.

మా అమ్మాయి టోపీ చూసి నవ్వింది. డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. "ముప్పై రోజులా నాన్నా?" అంది.

"ముప్పై!" అన్నాను. మామూలుగానే అన్నాను. తల్లీకూతుళ్లిద్దరూ చెవులెందుకు మూసుకున్నారో తెలియదు.

మార్చి 3, సోమవారం. మొదటి రోజు!

5:10. అలారం కంటే ముందే లేచాను.

5:40. రాళ్ల క్వారీ గుంత. మా టెస్టు గ్రౌండు వెనక, రోడ్డుకి ఇరవై అడుగుల కింద. రాయి తవ్వడం ఎప్పుడో ఆపేశారు. నీళ్లు నిండాయి, ఎవరో చేపపిల్లలు వదిలారు. రోజుకి నలభైసార్లు ఈ గుంత పక్కనుంచే కారులో వెళ్తాను. కిందకి చూడడం ఇదే మొదలు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

5:55. మొదటి విసురు. ముల్లు నా చొక్కా కాలరుకి తగులుకుంది.

6:10. రెండో విసురు. వెనకాల ముళ్లపొద.

6:30. మూడో విసురు. నీళ్లలో పడింది!! బెండు నిలబడింది!!

6:31. బెండు ఒక్కటే. ముల్లు, సీసం, ఎర కలిసి ఇంకో దిక్కుకి ఎగిరిపోయాయి. ముడి ఊడింది.

7:00. చేపలు: సున్నా. అరుపులు: సున్నా. (గాలికి ఎగిరిపోయిన టోపీని తిట్టడం ఇందులోకి రాదు.)

ఎంత ప్రశాంతత! ఇంతకాలం ఏమైపోయాను?

మార్చి 4, మంగళవారం

పుస్తకం చెప్పింది: మన నీడ నీళ్ల మీద పడితే చేప పారిపోతుంది, కాబట్టి సూర్యుడికి ఎదురుగా కూర్చోవాలి. కూర్చున్నాను. కళ్లు జిగేల్‌మని ఏమీ కనిపించలేదు. బెండనుకుని అరగంట కన్నార్పకుండా చూసింది ఎవరో పారేసిన సీసా మూతని. మూత కదిలింది. లాగాను. చాలా బలంగా లాగాను. ముళ్లపొద.

చేపలు: సున్నా. ఉత్సాహం: నిండుగా!

మార్చి 5, బుధవారం

గుంతలో నేనొక్కడినే కాదు.

అవతలి ఒడ్డున ప్లాస్టిక్ స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. కళ్లజోడు, మెడలో కొలతల టేపు. చేతిలో మామూలు వెదురు కర్ర, రీలు కూడా లేదు. నేను కాలర్లోంచి ముల్లు తీసుకునేలోపు ఆవిడ రెండు చేపలు పట్టింది. అరచేతిలో సగం ఉంటాయేమో, మెరుస్తున్నాయి. చెయ్యి తడుపుకుని, ముల్లు తప్పించి, మళ్లీ నీళ్లలోకి వదిలేసింది. వదిలేసింది!

"ఎందుకండీ వదిలేశారు?" అని ఇవతలి ఒడ్డునుంచి అడిగాను.

ఆవిడ తలెత్తింది. ఒక్క క్షణం చూసింది. "అయ్యో, హారన్ మాస్టారూ! మీరా?"

హారన్ మాస్టారు. నాకో పేరుందని ఇవాళే తెలిసింది. ఊరంతటికీ తెలుసట.

గుర్తొచ్చింది. టైలరమ్మ. నిరుడు నా దగ్గర ఇరవై రోజులు నేర్చుకుంది. నర్సుల యూనిఫారాలు కుట్టి ఆసుపత్రులకి ఇస్తుంది. ఆ మూటలు వేసుకోవడానికి చిన్న వ్యాను కొనుక్కుంది. టెస్టులో మూడుసార్లు తప్పింది.

"వ్యాను ఎలా ఉందండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"షాపు ముందే ఉంది. ఆర్నెల్లయింది. దాని కింద పిల్లి కాపురం పెట్టింది."

"టెస్టుకి మళ్లీ వెళ్లకపోయారా?"

"నేను తప్పింది టెస్టులో కాదండీ. మీ పక్క సీట్లో తప్పాను. టెస్టు నాటికి ఇంకేం మిగల్లేదు."

కోపంగా అనలేదు. దారం తెంపినంత మామూలుగా అంది. ఎర గుచ్చుకుంటూ నేను వేలు గుచ్చుకున్నాను.

మార్చి 6, గురువారం

టైలరమ్మ స్టూలు తీసుకుని మా ఒడ్డుకి వచ్చింది. "మాస్టారూ, మీకు నేర్పుతాను."

"ఎందుకండీ మీకు శ్రమ?"

"మీరు నేర్చుకుంటే తప్ప ఈ గుంతలో నాకు చేప పడదు. మొన్నటినుంచి అన్నీ అడుగుకి పోయి కూర్చున్నాయి."

మొదటి పాఠం: కర్ర కింద పెట్టాలి. నీళ్లు చూస్తూ అరగంట ఊరికే కూర్చోవాలి. ఎక్కడ బుడగలు లేస్తున్నాయో, గాలి ఎటునుంచి వీస్తోందో, ఎండుటాకులు ఎక్కడ చేరుతున్నాయో చూడాలట. ఆకులు చేరినచోటే మేత చేరుతుంది, మేత ఉన్నచోటే చేప.

ఇంత మంచి విషయం వినగానే నాకు చెప్పాలనిపించింది. పదకొండో నిమిషంలో మొదలుపెట్టాను. ట్రాఫిక్ కూడా ఇంతేనని, చౌరస్తాలో బళ్లు ఎక్కడ చేరతాయో ముందే చూసుకోవాలని. చెప్పడం అయ్యేసరికి ఏడయింది.

"అరగంట కూర్చున్నాం కదండీ" అన్నాను.

"మీరు కూర్చోలేదు మాస్టారూ. క్లాసు తీసుకున్నారు."

మార్చి 8, శనివారం

ముడి నేర్చుకున్నాను! తంగూసు కొసని ముల్లు కన్నంలోంచి దూర్చి, దారం చుట్టూ ఆరుసార్లు తిప్పి, మొదట్లో ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి వెనక్కి తెచ్చి, ఉమ్మితో తడిపి, మెల్లిగా బిగించాలి. తడపకపోతే రాపిడికి దారం కాలి బలహీనపడుతుంది. ఇరవై రెండేళ్లుగా నోట్లో ఇంత ఉమ్మి వృథాగా ఖర్చు చేశాను, ఒక్క ముడి వేయలేదు.

తొమ్మిదిసార్లు తప్పు కట్టాను. టైలరమ్మ తొమ్మిదిసార్లూ ఒకటే మాట అంది. "పర్లేదు, మళ్లీ కట్టండి." అయిదోసారి మొహంలోకి చూశాను, ఎక్కడైనా విసుగు దొరుకుతుందేమోనని. లేదు. తొమ్మిదోసారి నాకే ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నా సర్వీసులో సుమారు నాలుగు వేలమందికి నేర్పి ఉంటాను. "పర్లేదు" అన్నది ఒక్కసారి. ఓనరు నా కాలు తొక్కినప్పుడు.

మార్చి 10, సోమవారం

అద్భుతం జరిగింది. పెద్ద అక్షరాలతో రాయాలి.

నలభై నిమిషాల క్లాసు. బ్యాంకు క్యాషియరు. బానెట్ మీద ఎర్ర బెండు ఉందనుకున్నాను. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ రెండో గేరుకి బదులు నాలుగు వేసింది. బెండు చూశాను. మలుపులో చెత్తకుండీని రాసుకుంటూ వెళ్లింది. బెండు చూశాను. ఒక్క మాట అనలేదు!

పావుగంట గడిచాక ఆవిడే కారు పక్కకి ఆపింది. నుదుటిన చెమటలు. "సార్, నేనేమైనా ఘోరం చేశానా? ఏంటి సార్, ఏమీ అనట్లేదు? నాకు భయంగా ఉంది సార్."

బీపీ: 146 మీద 94! మా ఆవిడ మిషను పాడైందేమోనని తన చేతికి కట్టుకుని చూసుకుంది.

మార్చి 12, బుధవారం

6:05. బెండు కదిలింది. లాగాను. ఖాళీ ముల్లు.
6:12. కదిలింది. లాగాను. ఖాళీ.
6:20, 6:26, 6:33. ఖాళీ, ఖాళీ, ముళ్లపొద.

"మాస్టారూ, బెండు ఊగితే లాగకూడదు. చేప అప్పుడు మూతితో పొడిచి చూస్తోంది, అంతే. బెండు మునగాలి. మునిగి పక్కకి జరగాలి. అప్పుడు మణికట్టు తిప్పాలి."

"అంతసేపు ఆగితే పారిపోదా?"

"ఆగకపోతేనే పారిపోతోందిగా?"

కాసేపాగి మళ్లీ ఆవిడే అంది. "మీ కాలు కూడా అంతేనండీ. మీ వైపు ఇంకో బ్రేకు ఉంటుంది చూడండి. మేం బ్రేకు మీద కాలు పెట్టేలోపే మీరు తొక్కేసేవారు. ఒక్కసారైనా నాకై నేను కారు ఆపానో లేదో నాకిప్పటికీ తెలీదు."

ఎర మార్చాను. పిండి ముద్ద తీసి వానపాము. వానపాము తీసి పిండి ముద్ద.

మార్చి 14, శుక్రవారం

వెళ్లలేదు. మబ్బుగా ఉంది. మబ్బుగా ఉంటే చేపలు బాగా పడతాయని పుస్తకంలో ఉంది. కానీ ఆ పేజీ నేను తొమ్మిదింటికి లేచాక చదివాను.

మార్చి 15, శనివారం

వెళ్లలేదు. కారణాలు:
నడుం.
వానపాములు అయిపోయాయి.
రోజూ వెళ్తే చేపలు మన మొహం గుర్తుపడతాయి. (ఇది పుస్తకంలో లేదు. నా అనుభవం.)

క్లాసులో చిన్నగా అరిచాను. అరుపనలేం. మాట కాస్త పైకి వెళ్లింది.

మార్చి 17, సోమవారం

వెళ్లాను. కారు తలుపు వేస్తే గాలపు కర్ర కొస లోపలే ఉండిపోయింది. జానెడు విరిగింది. జానెడే కదా అని దాంతోనే గాలం వేశాను. తంగూసు ఆ విరుగులో చిక్కుకుంది. టైలరమ్మ ఓపిగ్గా విప్పింది. ఓపిక చూస్తుంటే ఈ మధ్య చిరాకేస్తోంది.

మధ్యాహ్నం మాట మూడుసార్లు పైకి వెళ్లింది.

మార్చి 19, బుధవారం

ఉదయం 11:00. వరసగా రాయాలి.

6:40. బెండు ఊగింది. లాగలేదు! మళ్లీ ఊగింది. లాగలేదు! పక్కన టైలరమ్మ ఊపిరి బిగబట్టింది. బెండు మునిగింది. పక్కకి జరిగింది. మణికట్టు తిప్పాను. బరువు! కర్ర వంగింది, దారం నీళ్లని కోసుకుంటూ పరుగెత్తింది. జీవితంలో మొదటి చేప, నా చేతికి దాని గుండె దడ తెలుస్తోంది.

"తొందరపడకండి, దారం వదులుతూ రండి" అంటోంది టైలరమ్మ.

అదే క్షణంలో పైన రోడ్డు మీద తెల్ల కారు. ఎల్ బోర్డు. మా స్కూలుది కాదు, అవతలి వీధి స్కూలుది. ఎత్తు ఎక్కలేక కుదుపులు కుదుపులుగా వస్తోంది. స్టీరింగ్ పట్టుకున్నది మా అమ్మాయి.

మా అమ్మాయి!

తనకి పద్దెనిమిదేళ్లు నిండాక నేర్పుతానన్నాను. "పరీక్షలు అవనీ నాన్నా" అంది. పందొమ్మిదిలో అడిగాను. "ఇప్పుడెందుకు నాన్నా" అంది. ఇరవైలో అడగడం మానేశాను.

కారు వెనక్కి జారబోయింది. అంతే. లేచి నిలబడి అరిచాను. "క్లచ్చీ!!"

క్వారీ గోడలు నాలుగువైపులనుంచీ "క్లచ్చీ, క్లచ్చీ" అన్నాయి. కొంగలన్నీ లేచిపోయాయి. కారు గతుక్కుమని ఆగిపోయింది. మా అమ్మాయి కిటికీలోంచి కిందకి చూసింది. నన్ను చూసింది. మొహం తిప్పుకుంది.

నా చేతులు ఖాళీగా ఉన్నాయని అప్పుడు గమనించాను. కర్ర నీళ్ల మీద దూరంగా వెళ్లిపోతోంది. చేప లాక్కుపోతోంది. గుంత నడిమధ్య దాకా వెళ్లి మునిగింది.

టైలరమ్మ స్టూలు మడిచింది. "ఇవాళ్టికి చాలండీ" అంది. అంతే అంది.

సాయంత్రం 7:00. ఇంట్లో.

"మూడు వారాలైంది నాన్నా" అంది అమ్మాయి. "అమ్మకి తెలుసు."

వంటగదిలోకి చూశాను. మా ఆవిడ గిన్నె తోముతూనే ఉంది. తను డ్రైవింగ్ పెళ్లికి ముందే నేర్చుకుంది. అందుకే మన కాపురం నిలబడిందని ఎప్పుడూ నవ్వుతూ అనేది. ఇవాళ నవ్వలేదు.

"ఇంట్లో మాస్టారిని పెట్టుకుని బయటికెళ్లి నేర్చుకోవాలా? నీకు సైకిలు నేర్పింది ఎవరు? మూడు రోజుల్లో నేర్పాను!"

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు సైకిలు రాదు నాన్నా."

"అదేంటి? గేటు దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా తొక్కావు. నేను చప్పట్లు కొట్టాను."

"పడితే అరుస్తావని భయపడి స్తంభం దాకా తొక్కాను. మళ్లీ ఎక్కలేదు. నువ్వు ఎక్కమంటావని టైర్లలో గాలి నేనే తీసేసేదాన్ని."

ఆ టైర్లకి పంక్చరు వేయించడానికి ఎన్ని ఆదివారాలు తిరిగానో. పంక్చరేమీ లేదు సార్ అని షాపువాడు ప్రతిసారీ చెప్పాడు. వాడికి పని రాదని వాడి మీద కూడా అరిచాను.

మార్చి 20, గురువారం

చేపల వేటకి వెళ్లలేదు. కర్రే లేదు.

అరుపులు: ఏడింటి క్లాసులో ఆరు. తొమ్మిదింటి క్లాసులో పధ్నాలుగు. పది తర్వాత లెక్కపెట్టడం మానేశాను. పన్నెండింటికి గొంతు పోయింది. చేతులతో అరిచాను.

బీపీ రాయను.

మార్చి 21, శుక్రవారం

ఓనరు పిలిచాడు. కంప్లయింటు వచ్చింది. మా స్టూడెంట్ల నుంచి కాదు. అవతలి వీధి స్కూలు నుంచి.

"మాస్టారూ" అన్నాడు ఓనరు, తల పట్టుకుని. "మన స్టూడెంట్లు చాలలేదా? గుంతలో నిలబడి వాళ్ల స్టూడెంట్ల మీద కూడా అరుస్తారా?"

తాళాలు టేబుల్ మీద పెట్టాను. రేపటినుంచి కౌంటరు.

మార్చి 23, ఆదివారం

ఎనిమిదిన్నరకి లేచాను. పుస్తకం పాత పేపర్ల కట్టలో పెట్టాను. గాలం వేయడం ఎందుకు పనికిమాలినదో ఆలోచించాను:
చేప కావాలంటే బజారుంది.
కూర్చోవాలంటే ఇంట్లో కుర్చీలున్నాయి.
నోరు మూసుకోవడానికి నీళ్లెందుకు?

ఇంట్లో ఎవరూ నాతో గొడవపడట్లేదు. అమ్మాయి పలకరిస్తోంది. "కాఫీ తాగావా నాన్నా" అంటోంది. ఆ పలకరింపులో ఎంత జాగ్రత్త ఉందో ఇప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్లూ దాన్ని మర్యాద అనుకున్నాను.

మార్చి 25, మంగళవారం

కౌంటరు. ఫారం నంబరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, సంతకం ఇక్కడ.

పదకొండింటికి టైలరమ్మ వచ్చింది. నాలుగోసారి టెస్టుకి ఫారం. శుక్రవారం తేదీ దొరికింది.

"రెండు రోజులు ప్రాక్టీసు కావాలి మాస్టారూ. మీరు పక్కన కూర్చోండి."

"నన్ను తీసేశారండీ. నాకు కారివ్వరు."

"కారెందుకు? నా వ్యాను ఉందిగా. మీ వైపు బ్రేకు లేదు దానికి."

"అందరినీ వదిలేసి నన్నెందుకండీ అడగడం? నేనెవరో చూశారుగా."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మీ పక్కన కూర్చుని భయపడకుండా నడపగలిగితే ఈ లోకంలో ఇంక ఎక్కడైనా నడపగలను. అందుకే."

ఫారంలో ఆవిడ రక్తం గ్రూపు గడిలో నా సంతకం చేశాను. కొట్టేసి మళ్లీ రాశాను.

మార్చి 26, బుధవారం

6:00. వ్యాను. పిల్లిని బతిమాలి బయటికి పంపాం.

నేను రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. నోట్లో చేతిరుమాలు కుక్కుకోవాలనుకున్నాను, బాగుండదని మానేశాను. బండి కదిలింది. నా కుడికాలు దానంతటదే ముందుకెళ్లి ఉత్త రేకుని తొక్కింది. ఏమీ ఆగలేదు. మొదటి మలుపు. రేకు తొక్కాను. ఎదురుగా పాలవాడి సైకిలు. రేకు తొక్కాను. అప్పుడు ఆవిడ బ్రేకు వేసింది. బండి ఆగింది. సరిగ్గా, సైకిలుకి రెండు గజాల దూరంలో, మెత్తగా. నేను తొక్కిందానికి అసలు సంబంధమే లేదు.

నా నోట్లోంచి రావలసిన మాట వచ్చింది కానీ, రావలసినట్టు రాలేదు.

"పర్లేదు!!" అని అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడింది, ఇంజను ఆగిపోయింది, పాలవాడు సైకిలు వదిలేసి పక్కకి దూకాడు. తర్వాత టైలరమ్మ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది. చివరికి నేనూ నవ్వాను. పాలవాడు నవ్వలేదు.

మార్చి 27, గురువారం

రెండో రోజు. పర్లేదు అన్నవి: ఎనిమిది. అందులో అరిచినవి: మూడు. గుద్దినవి: ఒక ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ము ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు.

మార్చి 28, శుక్రవారం

టెస్టు. ఇన్స్పెక్టరు పక్కన కూర్చుంటాడు, మేం కంచె బయట నిలబడాలి. నా అరచేతుల్లో కంచె తీగ గుర్తులు పడ్డాయి. టైలరమ్మ ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలింది. వెనక్కి వంకర దారిలో వచ్చింది. ఒక స్తంభం దగ్గర చాలా నెమ్మదించింది. నా కుడికాలు నేలని తొక్కుతోంది. ఆవిడ ఆపింది, చూసుకుంది, సరిచేసుకుంది, వచ్చేసింది.

ప్యాసు!!

"ఆయన పక్కన ఏముందండీ, ఇంటికి చుట్టం వచ్చినట్టే ఉంది" అంది ఇన్స్పెక్టరు గురించి. "మీ పక్కన రెండు రోజులు కూర్చున్నాను కదా."

పొగిడిందో తిట్టిందో తెలియలేదు. ఏదైనా పర్లేదు.

ఓనరు కిటికీలోంచి చూశాడు. తాళాల సంగతి ఎత్తలేదు. టీ మాత్రం పంపాడు.

మార్చి 30, ఆదివారం

పొద్దున అమ్మాయి గది తలుపు తట్టాను. మామూలుగా తట్టను, బయటినుంచి పిలుస్తాను.

"నీ మాస్టారు అరుస్తాడా?" అని అడిగాను.

"లేదు నాన్నా. నిద్రపోతాడు."

"నిద్రపోతాడా?!" గొంతు పైకి వెళ్లింది. కిందకి తెచ్చాను. అమ్మాయి చూసింది, తెచ్చానని.

"నేను నీకు నేర్పను అమ్మలూ. ఏమీ చెప్పను. ఎప్పుడైనా మన కారు తీస్తే ఊరికే కూర్చుంటాను."

చాలాసేపు ఆలోచించింది. నేను మాట్లాడలేదు. జవాబు కోసం ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు కాబట్టి, ఇదివరకు దాని జవాబులన్నీ నేనే చెప్పేసి ఉంటాను.

"వెనక సీట్లో" అంది.

"వెనకే."

"ముందు అమ్మ కూర్చుంటుంది."

"కూర్చోనీ."

"ఎక్కడికి వెళ్దాం?"

గుంతకి తప్ప నాకింకో చోటు తోచలేదు. మధ్యాహ్నం వెళ్లి కొత్త కర్ర కొన్నాను. పొట్టిది.

ఏప్రిల్ 1, మంగళవారం. ముప్పయ్యో రోజు

5:30. బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర అమ్మాయి, పక్కన మా ఆవిడ, వెనక నేను, నా ఒళ్లో గాలపు కర్ర, వానపాముల డబ్బా.

5:33. మొదటిసారి ఇంజను ఆగింది. నేను డబ్బాలో పాములు లెక్కపెట్టాను. పదిహేడు.

5:38. చౌరస్తా. అమ్మాయి రెండువైపులా చూసింది, మళ్లీ చూసింది, వెనకబండి హారన్ కొట్టింది. పాములు మళ్లీ లెక్కపెట్టాను. పదహారు. ఒకటి ఎక్కడో నా ప్యాంటులో ఉంది. నోరు తెరవలేదు.

5:44. గుంతకెళ్లే రోడ్డు మలుపు. అమ్మాయి మలుపు తిప్పుతోంది. అద్దం చూసింది, గేరు మార్చింది, అన్నీ చేసింది.

"ఇండికేటర్!!"

అమ్మాయి మెల్లిగా కారు పక్కకి తీసి ఆపింది. చాలా చక్కగా ఆపింది. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. వెనక్కి తిరగలేదు.

"దిగు నాన్నా."

మా ఆవిడ వైపు చూశాను. తను కిటికీలోంచి తెల్లవారడం చూస్తోంది. దిగాను. కర్ర, డబ్బా తీసుకున్నాను. కారు వెళ్లిపోయింది.

నడిచాను. గుంతకి ఇంకా అర కిలోమీటరు ఉంది. పక్కనుంచి నా పాత స్టూడెంటు ఒకాయన బండి మీద వెళ్తూ, "ఏంటి మాస్టారూ, మిమ్మల్నే దింపేశారా?" అన్నాడు. అవునన్నాను. ఒక అడుగు వేసిన ప్రతిసారీ అనుకున్నాను: అమ్మాయి ఏడుస్తోంది, కారు ఇంటికి తిప్పేసింది, మళ్లీ ఎక్కదు, గాలి తీసేసిన టైర్లే నాకు మిగిలాయి.

గుంత దగ్గరి మలుపు తిరిగాను.

కారు అక్కడే ఉంది. రోడ్డు అంచుకి సరిగ్గా జానెడు దూరంలో, నిటారుగా. ఎడమ ఇండికేటర్ వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. మా ఆవిడ చెయ్యి చాచి వెనక తలుపు తీసింది.

ఎక్కాను. ఏమీ అనలేదు. ఏమనాలన్నా ఎలా వస్తుందో నాకే తెలియదు.

అమ్మాయి అద్దంలో నన్ను చూసింది. "ఎన్ని నిమిషాలు అరవకుండా ఉన్నావు?"

"పధ్నాలుగు" అన్నాను, చిన్నగా.

"రేపు కూడా అయిదున్నరకే. లేటు చేయకు."

సాయంత్రం 6:30. ముప్పై రోజుల ఫలితం. చేపలు: సున్నా. మిగిలిన లెక్కలు నేను వేయలేను.

రేపు ఏప్రిల్ 2. మొదటి రోజు. ముప్పై రోజులు, పొద్దున అయిదున్నర, వెనక సీటు, తర్వాత గుంత. అలారం అయిదుకి పెట్టాను. నాలుగూ యాభైకి ఇంకొకటి పెట్టాను.